బ్యాటరీలో ఎంత మిగిలింది? కంభం చెరువు నుంచి నాలుగు ఎల్ఈడీల దాకా

 

ముందు ఒక చిన్న పని చేయండి. మీ ఫోన్ స్క్రీన్ పైన మూలలో ఒక నంబర్ ఉంటుంది, చూడండి. 63? 41? 12 ఉన్నవాళ్లు వెళ్లి ఛార్జర్ పెట్టుకుని రండి, నేను ఇక్కడే ఉంటా.

ఆ నంబర్‌ని రోజుకి ఎన్నిసార్లు చూస్తామో లెక్కే లేదు. బస్సెక్కే ముందు చూస్తాం, పడుకునే ముందు చూస్తాం. కానీ అది ఎవరు చెప్తున్నారు? ఎలా చెప్తున్నారు? బ్యాటరీ ఏమీ గ్లాసు కాదు కదా, తొంగి చూసి సగం ఉంది అనడానికి. లోపల ఎంత ఉందో బయటి నుంచి కనుక్కోవడానికి మనుషులకి చాలా కాలం పట్టింది. ఇవాళ్టి ఎపిసోడ్ ఆ కథే. చివర్లో, నూట యాభై రూపాయల లోపు సామాన్లతో మీరే చేసుకోగలిగే ఒక సర్క్యూట్ కూడా చెప్తా. అది నేను ఎందుకు చేశానో ముందు చెప్పాలి.

పెద్దనాయన లైటు

మాది గిద్దలూరు వైపు ఒక పల్లె. నేను ఈసీఈ చదివి సాఫ్ట్‌వేర్‌కి పోయి, అక్కణ్ణుంచి ఈ కెమెరా ముందుకి వచ్చినవాడిని. 2016లో బీటెక్ సెకండ్ ఇయర్. అప్పుడు మా వైపు బోరు మోటార్లకి కరెంటు రోజుకి ఏడు గంటలు, అందులో కొంత పగలు, కొంత రాత్రి. రాత్రి వంతు వచ్చినప్పుడు రైతు లేచి చేనికి పోవాల్సిందే. మిరప తోటకి నీళ్లు కట్టాలి, లేకపోతే పూత రాలిపోతుంది.

మా పెద్దనాయన దగ్గర ఒక లైటు ఉండేది. కొన్నది కాదు, కట్టుకున్నది. మందు కొట్టే స్ప్రేయర్‌లో ఉంటుందే 12 వోల్టుల, 8 ఆంపియర్ అవర్ల బ్యాటరీ, దాన్ని బయటికి తీసి ఒక ఎల్ఈడీ లైటు తగిలించుకున్నాడు. పగలు ఆ బ్యాటరీ స్ప్రేయర్‌లో, రాత్రి లైటు కింద. ఒకే బ్యాటరీకి రెండు డ్యూటీలు.

ఆ రోజు పగలంతా మందు కొట్టాడు. సాయంత్రం ఛార్జింగ్ పెట్టాడు గానీ మధ్యలో కరెంటు పోయింది. ఎంత ఎక్కిందో ఎవరికీ తెలియదు. రాత్రి రెండింటికి లేచి స్విచ్ వేస్తే లైటు బ్రహ్మాండంగా వెలిగింది. సరేలే అని బయలుదేరాడు. చేని గట్టు మీద, మోటారుకి ఇంకా నూరు గజాలు ఉందనగా, లైటు ఠక్కున ఆరిపోయింది. మసకబారడం, మిణుకుమిణుకుమనడం, ఏమీ లేదు. రెండడుగులు చీకట్లో వేశాడు. మూడో అడుగు రక్తపింజర మీద పడింది.

బతికాడు. పక్క చేనిలో ఉన్నవాళ్లు కేక విని బండి మీద ఎక్కించుకుని హాస్పిటల్‌కి తీసుకుపోయారు, విరుగుడు ఇంజెక్షన్లు పడ్డాయి, కిడ్నీలు దెబ్బతిని రెండుసార్లు డయాలసిస్ చేయాల్సి వచ్చింది. ఎడమ కాలు ఇప్పటికీ కొంచెం ఈడుస్తాడు.

నేను చూడ్డానికి పోయినప్పుడు ఆయన పాముని తిట్టలేదు. లైటునే తిట్టాడు. "పాత మూడు సెల్లుల బ్యాటరీ అయితే ముందే చెప్పేది రా అబ్బయ్యా, పసుపుకి తిరిగేది. ఇది చెప్పకుండా చచ్చిపోయింది."

మా వైపు టార్చి లైటునే బ్యాటరీ అంటారు, తెలుసు కదా. ఆ మాట అప్పుడు నాకు బుర్రకెక్కలేదు. హాస్టల్‌కి తిరిగి వస్తుంటే బస్సులో ఎక్కింది. ఆయన చెప్పింది వంద శాతం కరెక్టు ఇంజనీరింగ్.

పాత లైటే ఒక మీటరు

పాత టార్చిలో ఫిలమెంటు బల్బు. సెల్లు వోల్టేజి తగ్గేకొద్దీ ఫిలమెంటు వేడి తగ్గుతుంది. తెల్లగా ఉన్న వెలుతురు పసుపు, తర్వాత ఎరుపు, తర్వాత నిప్పు రవ్వంత. అంటే బల్బే మీటరు. ఎవరూ డిజైన్ చేయకుండానే దానంతట అది వచ్చిన ఇండికేటర్. పసుపు తిరిగితే రేపు సెల్లు కొనాలి అని ప్రతి ఇంట్లో తెలుసు. సెల్లు అయిపోతే వాటిని మిద్దె మీద ఎండలో పెట్టి ఇంకో రాత్రికి లాగినవాళ్లు మీ ఇళ్లలో కూడా ఉండే ఉంటారు.

మంచి ఎల్ఈడీ లైటులో డ్రైవర్ అని ఒక చిన్న సర్క్యూట్ ఉంటుంది. బ్యాటరీ వోల్టేజి తగ్గినా ఎల్ఈడీకి పోయే కరెంటు తగ్గకుండా అది చూసుకుంటుంది. అందుకే వెలుతురు చివరి దాకా ఒకేలా ఉంటుంది. ఇక ఇవ్వలేను అనే పాయింట్ రాగానే ఒక్కసారిగా పోతుంది. కరెంటు ఆదా అయింది, వెలుతురు పెరిగింది, కానీ ముందస్తు హెచ్చరిక మాత్రం మాయమైపోయింది. పాత వస్తువు ఊరికే ఇచ్చిన సమాచారాన్ని కొత్త వస్తువులో మనం పని గట్టుకుని మళ్లీ పెట్టాలి. బ్యాటరీ ఇండికేటర్ చరిత్ర మొత్తం నాకు ఇదే అనిపిస్తుంది.

నాలుకతో మొదలైంది

ఇప్పుడు వెనక్కి పోదాం. 1800వ సంవత్సరం, ఇటలీ. అలెస్సాండ్రో వోల్టా జింకు బిళ్ల, వెండి బిళ్ల, మధ్యలో ఉప్పునీటిలో తడిపిన అట్టముక్క, ఇలా ఒకదాని మీద ఒకటి పేర్చి మొదటి బ్యాటరీ చేశాడు. కరెంటు వస్తోందో లేదో చూడ్డానికి అప్పుడు మీటర్లు లేవు. వోల్టా తన ఒళ్లే వాడుకున్నాడు. వేళ్లకి షాక్ కొడుతుందా, నాలుక మీద పెట్టుకుంటే ఏ రుచి వస్తుంది అని చూసుకున్నాడు. చిన్నప్పుడు మనం 9 వోల్టుల బ్యాటరీని నాలుకకి ఆనించి చుర్రుమంటే బాగుంది అనేవాళ్లం కదా, అదే పరీక్ష. అంటే మొదటి బ్యాటరీ ఇండికేటర్ మనిషి నాలుకే.

1820లో డెన్మార్క్‌లో ఊర్‌స్టెడ్ ఒక సంగతి గమనించాడు. తీగలో కరెంటు పోతుంటే పక్కన ఉన్న దిక్సూచి ముల్లు కదులుతోంది. అక్కణ్ణుంచి గాల్వనోమీటర్లు వచ్చాయి. ముల్లు చూసి కరెంటు కొలవడం మొదలైంది. మన వైపు 19వ శతాబ్దం చివర్లో గుంటకల్లు, బెజవాడల మధ్య నల్లమల అడవి గుండా మీటర్ గేజ్ రైలు వేశారు. గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్ స్టేషన్లు ఆ లైను మీదవే. రైలుతో పాటు టెలిగ్రాఫ్ తీగలు. టెలిగ్రాఫ్ నడిచేది బ్యాటరీ మీదే. మన ఊళ్లలో ఇళ్లకి కరెంటు రావడానికి చాలా ముందే స్టేషన్ గదుల్లో బ్యాటరీలు ఉన్నాయన్నమాట. మనుషుల కబుర్లు, రైళ్ల కబుర్లు వాటి మీద ఆధారపడ్డాయి.

తర్వాత మలుపు 1859. ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే సీసం రేకులు, సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో మళ్లీ మళ్లీ ఛార్జ్ చేసుకునే బ్యాటరీ చేశాడు. లెడ్ యాసిడ్ బ్యాటరీ. మా పెద్దనాయన స్ప్రేయర్‌లో ఉన్నది, మీ ఇంటి ఇన్వర్టర్ కింద ఉన్నది, ఆటోలో ఉన్నది, అన్నీ దాని మనవళ్లే.

ఈ బ్యాటరీలో ఒక మంచి గుణం ఉంది. కరెంటు ఇచ్చేకొద్దీ యాసిడ్‌లోని సల్ఫేట్ రేకులకి అంటుకుని, ద్రవం నీళ్లలా పలచబడుతుంది. అంటే ఎంత ఖర్చయిందో ద్రవం చిక్కదనమే చెప్తుంది. అందుకే బ్యాటరీ షాపులో హైడ్రోమీటర్ అని గాజు గొట్టం ఉంటుంది, లోపల తేలే బుడ్డి. 1.265 దగ్గర తేలితే ఫుల్. 1.190 అయితే సగం. 1.120కి వస్తే ఖాళీ. పాలల్లో నీళ్లు కలిశాయా అని లాక్టోమీటర్ పెట్టి చూస్తారు చూడండి, అదే లెక్క.

ఇదే ఉపాయం కారు బ్యాటరీ మీద పచ్చ కన్నుగా కూడా వచ్చింది. మూతలో చిన్న గాజు కన్ను, లోపల ఒక పచ్చ బంతి. యాసిడ్ చిక్కగా ఉంటే బంతి పైకి తేలి పచ్చగా కనిపిస్తుంది. పలచబడితే మునిగి నల్లగా అవుతుంది. ఇందులో వైరు లేదు, కరెంటు ఖర్చు లేదు. బ్యాటరీల విషయంలో మన తెలుగు నేలకి కూడా పెద్ద చరిత్రే ఉంది. చిత్తూరు జిల్లా పేటమిట్టకి చెందిన గల్లా రామచంద్ర నాయుడు అమెరికాలో ఇంజనీరుగా చేసి తిరిగొచ్చి, 1985లో అమరరాజా బ్యాటరీస్ మొదలుపెట్టారు. తిరుపతి దగ్గర కరకంబాడి నుంచి 2000లో అమరాన్ పేరుతో కారు బ్యాటరీలు వచ్చాయి. అంతకు ముందే, 1977లో, ఏ.జె. ప్రసాద్ హైదరాబాద్‌లో బ్యాటరీల కంపెనీ పెట్టారు. అదే ఇవాళ్టి హెచ్‌బీఎల్.

అయితే పచ్చ కన్నుకి ఒక లోపం. అది బ్యాటరీలోని ఆరు గదుల్లో ఒక్కదాన్నే చూస్తుంది. మిగతా ఐదింట్లో ఒకటి పాడైనా కన్ను పచ్చగానే ఉంటుంది. ఇంకా, స్ప్రేయర్ బ్యాటరీ లాంటివి పూర్తిగా సీల్ చేసి ఉంటాయి. హైడ్రోమీటర్ ముంచడానికి మూతే ఉండదు. అప్పుడు మనకి మిగిలింది రెండు తీగలు, వాటి మధ్య వోల్టేజి.

చెరువు తెలిసినవాళ్లకి ఇది సులభం

ఇక్కడ కొంచెం ఆగుదాం. వోల్టేజి అంటే బ్యాటరీలో ఎంత ఉందో చెప్పేది కాదు. ఇది చాలామంది పొరబడే చోటు. మార్కాపురం నుంచి గిద్దలూరు పోయే దారిలో కంభం చెరువు చూశారా? నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మకి రెండు కొండల మధ్య సందులో కట్ట వేశారు. విజయనగర కాలం నాటిది, వరదరాజమ్మ అనే రాణి కట్టించిందని చెప్తారు. 2020లో ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తింపు కూడా వచ్చింది.

ఆ కట్ట మీద నిలబడి నీళ్లు తూము దగ్గర ఎన్ని అడుగులున్నాయో చూస్తారు. అది ఎత్తు. వోల్టేజి కూడా ఎత్తే. కానీ చెరువులో ఎన్ని నీళ్లున్నాయి అన్నది వేరే ప్రశ్న. చెరువు పైన వెడల్పు, అడుగున ఇరుకు. పైన ఒక అడుగు దిగితే చాలా నీళ్లు పోయినట్టు. అడుగున అదే ఒక అడుగు దిగితే కొంచెమే. బ్యాటరీ కూడా అంతే. లెడ్ యాసిడ్ 12 వోల్టుల బ్యాటరీని కాసేపు కదపకుండా ఉంచి కొలిస్తే ఫుల్‌కి దాదాపు 12.6 వోల్టులు. ముప్పాతికకి 12.4. సగానికి 12.2. పావుకి 12. దాని కిందికి పోతే ఖాళీ కింద లెక్క. చూడండి, నిండుకీ ఖాళీకీ మధ్య తేడా ఒక వోల్టు కూడా లేదు. ఆ ఒక్క వోల్టు లోపలే మొత్తం కథ దాగి ఉంది.

ఇంకోటి, పూడిక. చెరువులో ఏళ్ల తరబడి మట్టి పేరుకుంటే, కట్ట దగ్గర ఎత్తు అంతే చూపిస్తుంది, కానీ నీళ్లు తక్కువ. పాత బ్యాటరీలో రేకుల మీద సల్ఫేట్ గట్టిపడి పేరుకుంటుంది. వోల్టేజి 12.6 చూపిస్తుంది, వాడితే పది నిమిషాల్లో పడిపోతుంది. మూడేళ్ల ఇన్వర్టర్ ఉన్న ప్రతి ఇంటికీ ఈ బాధ తెలుసు.

గిద్దలూరు దాటి కడప జిల్లాలోకి పోతే పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మంచి చెరువుకి ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో రాయించారు. ఒక దోషం ఏంటంటే, నీళ్లు తక్కువ ఉండి, పారాల్సిన పొలం ఎక్కువ ఉండటం. మా పెద్దనాయన లైటుకి ఉన్న జబ్బు కూడా ఇదే. ఎనిమిది ఆంపియర్ అవర్ల బ్యాటరీ. స్ప్రేయర్ పంపు రెండు, మూడు ఆంపియర్లు లాగుతుంది. మూడు నాలుగు గంటలు మందు కొడితే అయిపోయింది. రాత్రి లైటుకి ఏం మిగులుతుంది? ఆరున్నర వందల ఏళ్ల కింద రాయి మీద చెక్కిన మాట మా ఇంట్లో నిజమైంది.

ఎర్ర చుక్క పుట్టిన ఏడాది

సరే, వోల్టేజినే కొలుద్దాం. దాన్ని చీకట్లో కూడా కనపడేలా, చదువుతో పని లేకుండా చూపించాలి. ఇక్కడే ఎల్ఈడీ వస్తుంది.

1907లో హెచ్.జె. రౌండ్ అనే ఇంగ్లిష్ ఇంజనీరు కార్బొరండమ్ అనే రాతికి కరెంటు ఇస్తే వెలుగుతోందని గమనించాడు. 1920ల్లో రష్యాలో ఓలెగ్ లోసెవ్ దాన్ని ఇంకా లోతుగా చదివాడు. అప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1962లో జనరల్ ఎలక్ట్రిక్‌లో నిక్ హోలోన్యాక్ కంటికి కనిపించే ఎర్ర ఎల్ఈడీ చేశాడు. 1968లో మోన్సాంటో కంపెనీ వాటిని పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టింది. 1970ల్లో ఎల్ఎమ్ 324 అనే చిప్ వచ్చింది, ఒకే ముక్కలో నాలుగు ఆప్ ఆంప్‌లు. ఆ తర్వాత నేషనల్ సెమీకండక్టర్ కంపెనీ ఎల్ఎమ్ 3914 తెచ్చింది. ఒకే చిప్‌లో పది కంపేరేటర్లు, పది ఎల్ఈడీలని వరసగా వెలిగించేది. పాత ఆంప్లిఫైయర్ల మీద, స్టెబిలైజర్ల మీద చుక్కలు పైకీ కిందికీ ఎగిరేవి గుర్తుందా? ఆ తరహా చిప్‌ల పనే అది. మన దేశంలో 1969లో మొదలైన ఎలక్ట్రానిక్స్ ఫర్ యూ లాంటి పత్రికలు చూసి ఇలాంటి సర్క్యూట్లు సోల్డర్ చేసి నేర్చుకున్న తరం ఒకటి ఉంది. మా లెక్చరర్లు ఆ తరమే.

నీలం ఎల్ఈడీ 1990ల్లో వచ్చాకే తెల్ల వెలుతురు సాధ్యమైంది. దానికి అకసాకి, అమానో, నకమురాలకి 2014లో నోబెల్ ఇచ్చారు. ఆ తెల్ల ఎల్ఈడీయే మా పెద్దనాయన చేతిలో చెప్పకుండా ఆరిపోయింది. దానికి కాపలాగా పాత ఎర్ర, పసుపు, పచ్చ ఎల్ఈడీలని పెడదామనుకున్నా.

సర్క్యూట్

సామాన్లు హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీలో కొన్నా. లిస్ట్ చాలా చిన్నది. ఒక ఎల్ఎమ్ 324. ఒక 5.1 వోల్టుల జీనర్ డయోడ్. నాలుగు 10కె ప్రీసెట్లు. నాలుగు ఎల్ఈడీలు. ఐదు 1కె రెసిస్టర్లు. ఒక చిన్న ఫ్యూజు. అంతే.

ఎలా పని చేస్తుందంటే, ముందు ఒక నమ్మకమైన కొలబద్ద కావాలి. బ్యాటరీ వోల్టేజి మారుతూ ఉంటుంది కాబట్టి దాన్ని దానితోనే కొలవలేం. జీనర్ ఆ కొలబద్ద. 1కె రెసిస్టర్ ద్వారా కరెంటు ఇస్తే, బ్యాటరీ 12.6 ఉన్నా 11.8 ఉన్నా అది 5.1 దగ్గరే నిలబడుతుంది. 5.1 అనే ఎందుకు? ఆ వోల్టేజి దగ్గర జీనర్లు ఎండకీ చలికీ పెద్దగా మారవు. మా వైపు మే నెల ఎండ తెలిసినవాళ్లకి దాని విలువ తెలుస్తుంది.

ఆ 5.1ని నాలుగు ఆప్ ఆంప్‌ల మైనస్ కాళ్లకి ఇచ్చాం. ఒక్కో ప్రీసెట్‌ని బ్యాటరీ ప్లస్, మైనస్‌ల మధ్య కట్టి, మధ్య కాలుని ఒక్కో ఆప్ ఆంప్ ప్లస్ కాలుకి ఇచ్చాం. ఇక ఒక్కొక్కటీ ఒకే ఒక్క ప్రశ్న అడుగుతుంది. నా వాటాగా వచ్చింది 5.1 కన్నా ఎక్కువా, తక్కువా? ఎక్కువైతే దాని ఎల్ఈడీ వెలుగుతుంది. తక్కువైతే ఆరుతుంది.

సెట్ చేయడం ఇలా. కాలేజీ ల్యాబ్‌లో వోల్టేజి మార్చగలిగే పవర్ సప్లై ఉంటుంది. దాన్ని 12 దగ్గర పెట్టి, ఎర్ర ఎల్ఈడీ సరిగ్గా అప్పుడే వెలిగేలా మొదటి స్క్రూ తిప్పాలి. 12.2 దగ్గర రెండోది, 12.4 దగ్గర మూడోది, 12.6 దగ్గర పచ్చది. అయిపోయింది. తూము దగ్గర నాలుగు గీతలు గీసినట్టే.

బోర్డుని దేనికి బిగించాలి అని వెతుకుతుంటే మార్కాపురంలో ఉండే ఫ్రెండ్ ఒక విరిగిన పలక ముక్క ఇచ్చాడు. మార్కాపురం పలకలు తెలుసు కదా, మన అమ్మానాన్నలు అక్షరాలు దిద్దింది వాటి మీదే. నవ్వుకుంటూ తీసుకున్నా గానీ తర్వాత తెలిసింది, కరెంటు కొత్తగా వచ్చిన రోజుల్లో విదేశాల్లో స్విచ్ బోర్డులు పలక రాయితోనే చేసేవాళ్లట. కాలదు, కరెంటు పోనివ్వదు, రంధ్రాలు వేయడం సులభం. నేను కనిపెట్టింది ఏమీ లేదు, పాత దారిలోనే నడిచా.

నా తప్పులు రెండు

పలక మీద నాలుగు లైట్లతో ఊరికి పోయి పెద్దనాయన బ్యాటరీకి తగిలించా. నాలుగూ వెలిగాయి. నేను హీరో. వారం తర్వాత ఫోన్ వచ్చింది. "అబ్బయ్యా, నువ్వు పెట్టింది బ్యాటరీని తాగేస్తా ఉంది రా."

లెక్క వేసుకుంటే తల కొట్టుకున్నా. ఒక్కో ఎల్ఈడీకి ఎనిమిదిన్నర మిల్లీ ఆంపియర్లు, నాలుగింటికి 34. జీనర్‌కి 7. ప్రీసెట్లకి ఐదు. చిప్‌కి ఒకటి. మొత్తం 47. రోజంతా వెలిగితే ఒక ఆంపియర్ అవర్ పైనే. ఎనిమిది ఆంపియర్ అవర్ల బ్యాటరీ వారంలో ఖాళీ. అంటే ఎంత మిగిలిందో చెప్పడానికి పెట్టినవాడే మిగిలింది తినేశాడు. పరిష్కారం ఐదు రూపాయల పుష్ బటన్. నొక్కినంతసేపే చూపిస్తుంది, వదిలేస్తే జీరో.

రెండో తప్పు ఇంకా పెద్దది. బటన్ పెట్టాక ఒక సాయంత్రం, మందు కొట్టి వచ్చి గంట తర్వాత నొక్కితే మూడు లైట్లు వెలిగాయి. లైటు స్విచ్ వేసి మళ్లీ నొక్కితే ఒక్కటే. ఛార్జర్ తీసిన వెంటనే నొక్కితే ఎప్పుడూ నాలుగే. సర్క్యూట్ చెడిపోయిందేమో అనుకున్నా. పెద్దనాయన మంచం మీద కాలు చాపుకుని అన్నాడు, "నిలబడుకోని ఉన్న ఎద్దుని చూస్తే దాని బలం ఏం తెలుస్తాది రా, బండి కట్టి చూడాల గానీ."

నిజం. పని ఆపగానే బ్యాటరీ వోల్టేజి కాస్త పైకి తేరుకుంటుంది. ఛార్జర్ నుంచి తీసిన వెంటనే కూడా లేనిపోని ఎత్తు చూపిస్తుంది. గాలికి అల కట్టని తాకినప్పుడు చెరువు నిండింది అనుకున్నట్టు. అందుకని రూల్ మార్చాం. లైటు వెలుగుతుండగానే బటన్ నొక్కాలి. లోడ్ మీద వోల్టేజి కొంచెం దిగుతుంది కాబట్టి ఆ బ్యాటరీకి, ఆ లైటుకి సరిపోయేలా నాలుగు స్క్రూలూ కిందికి తిప్పా. 11.8, 12, 12.2, 12.4. ఇంట్లో రూల్ ఒకటే. రెండు లైట్ల కన్నా తక్కువ వెలిగితే చేనికి పోవద్దు, లేదా ఇంకో లైటు తీసుకో.

ఆ తర్వాత ఆ లైటు దారి మధ్యలో ఒక్కసారి కూడా ఆరలేదు.

మళ్లీ మీ ఫోన్ దగ్గరికి

మరి ఫోన్‌లో ఆ నంబర్ ఎలా వస్తుంది? ఫోన్‌లో ఉండేది లిథియం అయాన్. 1991లో సోనీ మార్కెట్లోకి తెచ్చింది. గుడ్ఇనఫ్, విట్టింగ్‌హామ్, యోషినోలకి 2019లో నోబెల్ వచ్చింది దీనికే. నిండితే 4.2 వోల్టులు, ఖాళీ అయితే 3 దగ్గర. కానీ మధ్యలో చాలాసేపు 3.7 చుట్టూనే తిరుగుతూ ఉంటుంది. వెడల్పాటి చెరువులో ఎంత తోడినా ఎత్తు పెద్దగా మారనట్టు. అందుకే ఫోన్ వోల్టేజి ఒక్కటే నమ్ముకోదు. లోపల ఒక చిప్ కూర్చుని, ఎంత కరెంటు లోపలికి వచ్చింది, ఎంత బయటికి పోయింది అని క్షణక్షణం లెక్క రాసుకుంటుంది. చెరువులోకి వచ్చే వాగునీ, తూము నుంచి పోయే నీటినీ కొలిచి, మిగిలింది ఇంత అని చెప్పడం అన్నమాట. లెక్కలో చిన్న చిన్న తప్పులు పేరుకుంటాయి. బ్యాటరీకి పూడిక పడుతుంది. అందుకే మూడేళ్ల ఫోన్ 15 శాతం చూపిస్తూనే ఠక్కున ఆఫ్ అవుతుంది. ఆ నంబర్ కొలత కాదు ఫ్రెండ్స్, అంచనా. మంచి అంచనా, కానీ అంచనా.

మీరు ఈ సర్క్యూట్ చేయాలనుకుంటే మూడు మాటలు. బ్యాటరీ ప్లస్ వైరుకి ఫ్యూజు పెట్టకుండా ఏదీ తగిలించొద్దు. 12 వోల్టులు షాక్ కొట్టదు గానీ, షార్ట్ అయితే వైరు ఎర్రగా కాలుతుంది. ప్లస్, మైనస్ తారుమారు చేయొద్దు, చిప్ పోతుంది. ఇక చేశాక లోడ్ మీద చూడండి. ఎద్దుని బండి కట్టి చూడండి.

పెద్దనాయనకి ఇప్పుడు షాపులో కొన్న తల లైటు ఉంది. దాని పక్కన దానికే నాలుగు చుక్కలు ఉన్నాయి. అయినా కొట్టంలో మేకుకి ఆ పలక ముక్క ఇంకా వేలాడుతోంది, స్ప్రేయర్ బ్యాటరీకి వాడుతున్నాడు. మొన్న సంక్రాంతికి పోతే పక్కింటి పిల్లాడికి చూపిస్తున్నాడు, బటన్ నొక్కి, "ఒకటే వెలిగింది చూడు, అంటే ఇయ్యాల మందు కొట్టేది లేదు" అని. ఆ పిల్లాడు మళ్లీ మళ్లీ నొక్కుతుంటే చెయ్యి మీద ఒకటి కొట్టాడు కూడా. "ఊరికే నొక్కమాక రా, అదీ తాగుతాది."

మీ ఇంట్లో పాత టార్చి ఉంటే, అమ్మమ్మనో తాతనో అడగండి, సెల్లు అయిపోయిందని వాళ్లకి ఎలా తెలిసేదో. కింద రాయండి, నేను చదువుతా. రాత్రి చేనికి పోయేవాళ్లు మీ ఇంట్లో ఉంటే, ఇవాళే వాళ్ల లైటు ఒకసారి చెక్ చేయండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. బై.